మార్కులు వేయనన్న టీచర్: సొంత సిద్ధాంతం తరగతి గదిలో చెల్లుతుందా? (చర్చా కార్యక్రమం, పూర్తి పాఠం)

యాంకర్: నమస్కారం. "నా తరగతిలో మార్కులుండవు. తప్పు ఎక్కడుందో రాస్తాను, పిల్లలు దిద్దుకుని మళ్ళీ చూపించాలి." ఒక టీచర్ తన విద్యా దృక్పథం ఇదంటూ తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం మీద పెద్ద దుమారమే రేగింది. ఇవాళ నలుగురికీ సమానంగా సమయమిస్తాను. మాస్టారూ, భయం లేకపోతే పిల్లలు చదువుతారా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు: చదవరు. కానీ నా అభ్యంతరం అది కాదండీ. టీచర్‌కి అభిప్రాయాలుండొచ్చు, వాటిని పిల్లల మీద ప్రయోగించే హక్కు ఎవరిచ్చారు? ఈ ఏడాది ఆ ఉత్తరం రాసినావిడ మార్కులొద్దంటారు. వచ్చే ఏడాది ఇంకొకాయనొచ్చి హోంవర్కే వద్దంటాడు. మధ్యలో నలిగిపోయేది పిల్లలు!

లెక్కల టీచర్: సార్, ఒక్క మాట...

ప్రధానోపాధ్యాయుడు: పూర్తి చెయ్యనివ్వండమ్మా. బడికి ఒక పద్ధతంటూ ఉంటుంది. ఎవరికి వాళ్ళు సిద్ధాంతకర్తలైపోతే బడి నడవదు.

యాంకర్: మేడమ్, మీరు చెప్పండి. భయం అవసరమా, కాదా?

లెక్కల టీచర్: భయం సంగతి తర్వాతండీ. ఒక పాప 1/2 కి 1/3 కలిపి 2/5 అని రాసింది. పైవి పైవి, కిందవి కిందవి కలిపేసింది. సున్నా చుడితే తనకేం తెలుస్తుంది? అదే పక్కన "సగానికి ఇంకొంత కలిపితే జవాబు సగంకన్నా తగ్గిందేమిటి?" అని రాస్తే, పెన్సిల్ తీసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ ఉత్తరంలో ఉన్నది...

ప్రధానోపాధ్యాయుడు: రాయండి, ఎవరొద్దన్నారు? రాసి మార్కూ వెయ్యండి!

బీఈడీ అధ్యాపకుడు: చిక్కంతా అక్కడే ఉంది సార్. 1988లో రూత్ బట్లర్ అనే విద్యా మనస్తత్వ పరిశోధకురాలు ప్రచురించిన పరిశోధనలో కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళే మెరుగుపడ్డారు. పక్కన మార్కు కూడా ఉంటే ఆ మేలు కనబడలేదు. పిల్లల కన్ను ముందు అంకె మీదే...

ప్రధానోపాధ్యాయుడు: పరిశోధన వేరు, బడి వేరు. రేపు ప్రవేశ పరీక్షలో వ్యాఖ్యలు రాస్తారా? అసలిప్పుడు పిల్లల చేతిరాత చూశారా మీరు?

యాంకర్: అవును, చేతిరాత! అదీ భయం తగ్గిపోవడం వల్లేనంటారా?

ప్రధానోపాధ్యాయుడు: ముమ్మాటికీ! మా రోజుల్లో రోజుకో పేజీ కాపీరైటింగ్ రాయించేవాళ్ళం...

(రెండు నిమిషాలు చేతిరాత మీదే నడిచింది.)

తల్లి: నన్నూ మాట్లాడనివ్వండి. ఆ టీచర్ మీద నాకు కోపం లేదు. మార్కు చూడకపోతే మా అమ్మాయి ఎక్కడ వెనకబడిందో నాకెలా తెలుస్తుంది? నాకు లెక్కలు రావు. ఆ వ్యాఖ్య చదివినా అర్థం కాదు.

లెక్కల టీచర్: న్యాయమైన ప్రశ్నమ్మా. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నోటుబుక్కు చూపించే బాధ్యత మాదే...

ప్రధానోపాధ్యాయుడు: అంత తీరికెక్కడిది? చెప్పండి!

అధ్యాపకుడు: అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1897లోనే తన విద్యా విశ్వాసాల్ని అచ్చువేశాడు. అంతకు ముందు ఏడాదే షికాగోలో బడి పెట్టి...

ప్రధానోపాధ్యాయుడు: నేను చెప్పేదీ అదే! ఆయన తన బడి పెట్టుకున్నాడు. ఇష్టమైనవాళ్ళు చేర్పించారు. ఇక్కడ ఆ తల్లిని ఎవరైనా అడిగారా?

యాంకర్: బలమైన పాయింట్ మాస్టారూ.

లెక్కల టీచర్: సిద్ధాంతం లేని టీచర్ ఉండరండీ. ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగుతామన్నది మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు గమనించారు. సాధారణంగా సెకను. మూడు సెకన్లాగితే పిల్లలు ఇంకాస్త వివరంగా చెప్పారు, మరింతమంది నోరు విప్పారు. సెకనులోపే ముందు బెంచీవైపు తిరిగితే, మిగతావాళ్ళకు రాదని మనం తేల్చేసినట్టే. అదీ సిద్ధాంతమే, కాగితం మీద పెట్టలేదంతే. ఆ టీచర్ పెట్టింది, కాబట్టి ప్రశ్నించగలుగుతున్నాం. మిగతావాళ్ళని...

ప్రధానోపాధ్యాయుడు: ఆగడానికి మాకు సిలబస్ ఆగుతుందా?

యాంకర్: మేడమ్, సూటిగా చెప్పండి. భయం ఉండాలా, వద్దా?

లెక్కల టీచర్: మీరు మూడోసారి అడుగుతున్నారు. భయపడ్డ పిల్ల తప్పు దాచేస్తుంది. దాచిన తప్పుని నేనెలా దిద్దను?

ప్రధానోపాధ్యాయుడు: భయం వేరు, క్రమశిక్షణ వేరు...

తల్లి: నా ప్రశ్నకి ఇంకా...

యాంకర్: క్షమించాలి, సమయం అయిపోయింది. మాస్టారు అన్నట్టు, తల్లిదండ్రుల్ని అడగకుండా తరగతిలో మార్పులు సరికాదన్న అభిప్రాయం గట్టిగా వినిపించింది...

లెక్కల టీచర్: అది ఆయన అభిప్రాయమండీ, నేను ఒప్పుకోలేదు...

అధ్యాపకుడు: నేనూ ఒప్పుకోలేదు.

ప్రధానోపాధ్యాయుడు: ఒక్క నిమిషం, ఆఖరుగా ఒక్క మాట చెప్పి...

యాంకర్: మాస్టారూ, పది సెకన్లు. చెప్పండి.