పుట్టినింట్లో నమోదైన పేరు: జనన ధ్రువపత్రంలో సవరణ

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, మీ సమస్య ఏమిటి?

శ్రోత: కరీంనగర్ నుంచండీ. తొలి కాన్పుకు మా పుట్టింటికి, తెనాలి వెళ్లాను. 2010లో అక్కడే పాప పుట్టింది. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ‘లక్ష్మి’ అని మాత్రమే ఉంది; నా పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ‘విజయలక్ష్మి’ అని ఉంది. ఇక్కడే కొత్త పత్రం తీయించి ఇస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నారు.

న్యాయవాది: ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండమ్మా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి రిజిస్ట్రారు దగ్గరే నమోదు జరుగుతుంది, సవరణ కూడా అక్కడే జరగాలి. మీరిప్పుడు తెలంగాణలో ఉన్నా దరఖాస్తు చేసుకోవలసింది తెనాలి మునిసిపాలిటీకే. ఉన్న నమోదును దాచి, పాప కరీంనగర్‌లో పుట్టిందని మళ్లీ రాయిస్తే అది తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది. 23వ సెక్షన్ కింద శిక్షార్హం.

శ్రోత: పాత పేరు కొట్టేసి కొత్తది రాస్తారాండీ?

న్యాయవాది: కొట్టేయరమ్మా. 15వ సెక్షన్ ప్రకారం మొదట రాసినదాన్ని ఏమాత్రం మార్చకుండా, రిజిస్టరులో ఆ నమోదు పక్కనే అంచున సవరణ రాసి, రిజిస్ట్రారు సంతకం చేసి తేదీ వేస్తారు. పొరపాటు ఏమిటో, దాన్ని ఎవరు ఎప్పుడు దిద్దారో ఎన్నేళ్ల తరవాత చూసినా తెలిసేలా ఉండడమే ఈ చట్టంలోని గొప్పతనమని నేను గట్టిగా నమ్ముతాను. కేవలం అక్షరదోషమైతే రిజిస్ట్రారు విచారించి సరిచేస్తారు. వివరమే తప్పని మీరు చెబుతున్నప్పుడు మాత్రం, ఆ తప్పు ఎలాంటిదో, నిజమేమిటో వివరిస్తూ, సంగతి తెలిసిన నమ్మదగిన వ్యక్తులు ఇద్దరు డిక్లరేషన్ ఇవ్వాలి. మీ పదో తరగతి సర్టిఫికెట్ పాప పుట్టుకకు ముందునాటిది కాబట్టి, ఆధార్ కంటే దానికే బలం ఎక్కువని నా అభిప్రాయం. దాన్ని తప్పకుండా జతచేయండి.

శ్రోత: ఆ ఇద్దరూ ఎవరైతే మంచిదండీ?

న్యాయవాది: కాన్పు నాడు ఆసుపత్రిలో మీ దగ్గర ఎవరున్నారమ్మా?

శ్రోత: మా అమ్మ, మా మేనమామ ఉన్నారండీ. ఇంట్లో నన్ను లక్ష్మి అనే పిలుస్తారు, ఆసుపత్రిలో అమ్మ ఆ పేరే చెప్పింది.

న్యాయవాది: అయితే డిక్లరేషన్‌లో ఆ మాటే ఉన్నదున్నట్టు రాయించి, వాళ్లిద్దరి చేత సంతకాలు చేయించండి.