గోధుమ పడదన్నవారి రక్తంలో ఏం వెతకాలి?

సభకు నమస్కారం.

అన్నం, చోడంబలి మీద పెరిగిన శ్రీకాకుళంలో గోధుమ జబ్బు గురించి ప్రసంగమేమిటని అనిపించవచ్చు. 2016లో వెలువడిన ఒక సర్వేలో సీలియాక్ అనే గోధుమ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం పెద్దల రక్తంలో కనిపిస్తే, దక్షిణాన 0.10 శాతంలోనే కనిపించాయి. అయితే ఆ జబ్బుకు చోటిచ్చే డీక్యూ2, డీక్యూ8 జన్యువులు రెండుచోట్లా నూటికి 36 నుంచి 38 మందిలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది: అక్కడ రోజుకు 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25. షుగరు వచ్చిందని రాత్రిపూట చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు మన వీధివీధినా ఉన్నాయి.

గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ ముక్కలు పూర్తిగా అరగవు. పేగు గోడలోని ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము వాటిని కొద్దిగా మారుస్తుంది. మారిన ముక్క డీక్యూ2 జన్యువు తయారుచేసే ప్రొటీన్ గాడిలో బిగిసి కూర్చుంటుంది. దాన్ని చూసి టీ కణాలనే రోగనిరోధక కణాలు రేగి, ఆహారాన్ని పీల్చుకునే పేగు లోపలి నూగును దెబ్బతీస్తాయి. ఆ గొడవలోనే సొంత ఎంజైము మీద యాంటీబాడీలు పుడతాయి. మనం వెతికేది వాటినే.

మొదటి పరీక్ష టీటీజీ ఐజీఏ: టీటీజీ అంటే ఆ ఎంజైమే, ఐజీఏ అంటే యాంటీబాడీల్లో ఒక రకం. దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా రాయించండి. సీలియాక్ రోగుల్లో నూటికి 2, 3 మందికి ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మొదటి పరీక్ష అబద్ధపు నెగటివ్ ఇస్తుంది. అప్పుడు ఐజీజీ రకం పరీక్ష చేయాలి. పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకు ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి కనీసం 4 ముక్కలు, దాని మొదలు నుంచి మరో 1, 2 తీస్తారు. జబ్బు అక్కడక్కడా ఉంటుంది కనుక ఒక్క ముక్క చాలదు.

ఎక్కువగా చెడేది ఇక్కడే: పరీక్షకు ముందే గోధుమ మానేస్తారు. యాంటీబాడీలు తగ్గిపోతాయి, నూగు కోలుకుంటుంది, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. దయచేసి పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకండి. ఇప్పటికే మానేసి ఉంటే, డాక్టరు పర్యవేక్షణలో రోజుకు 2 చపాతీల చొప్పున 6 నుంచి 8 వారాలు తిని రక్తం ఇవ్వాలి. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు మాత్రం ఈ పని చేయకూడదు. అది ఎలర్జీ, దానికి ఐజీఈ అనే మరో రకం యాంటీబాడీ పరీక్ష వేరే ఉంది.

ఇక జన్యు పరీక్ష. రెండు జన్యువులూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. ఉన్నవారిలో నూటికి 3 మందికే అది వస్తుంది. ఖరీదైన ఆ రిపోర్టు చూసి జీవితాంతం గోధుమ మాన్పించడం అన్యాయం.

సీలియాక్, ఎలర్జీ రెండూ లేకున్నా గోధుమ తింటే కడుపుబ్బరం వచ్చేవారున్నారు. వారి బాధ నిజం, కానీ దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు. కొందరిలో కారణం గ్లూటెన్ కాదు, గోధుమలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థం. అదే ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటుంది.

సీలియాక్ ఖాయమైతే చపాతీ ఒక్కటే మానితే చాలదు: సేమ్యా, బొంబాయి రవ్వ, మైదా కలిపిన ఇంగువ, బార్లీ మాల్టు పానీయాలు కూడా మానాలి. అన్నం, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) నిశ్చింతగా తినవచ్చు. పిండి మాత్రం గోధుమ ఆడించిన మరలో ఆడించకండి.