లాభమా నష్టమా అని అడగడం మానేద్దాం

నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది ముఖ్యంగా నాలాగా పాఠాలు చెప్పేవాళ్లతో. క్లాసు వాట్సాప్ గ్రూపులోనో, గూగుల్ క్లాస్‌రూమ్‌లోనో పిల్లల చేత చర్చలు చేయించేవాళ్లతో.

"విద్యపై టెక్నాలజీ ప్రభావం: లాభమా, నష్టమా?" మనలో చాలామంది వేసే ప్రశ్న ఇదే. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు నేనూ ఇదే వేశాను. ఒకమ్మాయి "నాణేనికి రెండు వైపులు ఉన్నట్లే" అని మొదలుపెట్టి వ్యాసం పెట్టింది. తర్వాత వచ్చిన జవాబుల్లోనూ ఆ నాణెమే. మిగతావాళ్లవి "అవును సార్", బొటనవేలి గుర్తులు. పిల్లలు శ్రద్ధ పెట్టడం లేదని విసుక్కున్నాను. నిదానంగా చూస్తే లోపం నా ప్రశ్నలో ఉంది. మంచీ ఉంది, చెడూ ఉంది, వాడుకునే తీరును బట్టి ఉంటుంది అని వాళ్లందరికీ ముందే తెలుసు. ఇక వాదించుకోవడానికి ఏం మిగిలింది? ఆ వ్యాసమే కావాలంటే చాట్‌జీపీటీ నిమిషంలో రాసిస్తుంది.

మరుసటి వారం ప్రశ్న మార్చాను. వీళ్లు 2020లో హైస్కూల్లో ఉన్నారు. కరోనాతో బడులు మూతపడటంతో, ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ టీవీ ఛానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. "ఆ పాఠం వచ్చే వేళకు మీ ఇంట్లో ఏం జరుగుతుండేది? అర్థం కానిది ఎవరిని అడిగారు?" అంతే అడిగాను.

రాత్రి పొద్దుపోయేదాకా గ్రూపు ఆగలేదు. కరెంటు పోయిన రోజు పాఠం పోయినట్టేనని ఒకబ్బాయి రాశాడు. ఒకమ్మాయి ఇంకో మాటంది: "టీవీ పాఠాన్ని ఆపలేం కాబట్టి చెవులు రిక్కించి విన్నాను సార్. ఇప్పుడు యూట్యూబ్‌లో ఉందిలే, తర్వాత చూద్దాం అనిపిస్తోంది." వెంటనే ఇంకొకడు ఒప్పుకోనన్నాడు. అకౌంట్స్‌లో ట్రయల్ బ్యాలెన్స్ పాఠం తనకు వచ్చిందే ఆ వీడియోను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూడటం వల్లట. చూశారా, ఇద్దరి మాటా నిజమే. కానీ ఇద్దరిదీ ఒక మాట కాదు. చర్చంటే నాకు కావాల్సింది ఇదే.

అక్కడే ఒక నియమం పెట్టాను. ఎవరి మాటనైనా కాదనే ముందు, ఆ మాటను నీ సొంత మాటల్లో రాయి. "అవును, నేనన్నది అదే" అని అవతలివాళ్లు అన్నాకే నీ అభ్యంతరం చెప్పు. మొదట్లో చిరాకు పడ్డారు. కానీ సగం గొడవలు అక్కడే తేలిపోయాయి.

లెక్కలు కూడా ఇవ్వండి, కాకపోతే చర్చ వేడెక్కాక ఇవ్వండి. పల్లె పిల్లల చదువుల మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2024లో పల్లెల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లలో 57 శాతం మంది అంతకుముందు వారంలో చదువు కోసం వాడామన్నారు, సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు 76 శాతం. ఇది చెప్పి, "మరి ఇన్‌స్టాలో ఫిజిక్స్ రీల్ చూస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది?" అని వదిలేశాను. నా అభిప్రాయం చెప్పలేదు. సార్ ఒక మాటన్నాక క్లాసులో ఇంకో మాట పుట్టదు. రెండు రోజులు నోరు కట్టేసుకోవడం కష్టమే, అయినా తప్పదు.

గడువు విషయం కూడా చూసుకోండి. రాత్రి తొమ్మిదిలోపు జవాబు రావాలంటే సొంత ఫోన్ లేని పిల్లలు మౌనంగా తప్పుకుంటారు. నేను మూడు రోజులు ఇస్తున్నాను. టైప్ చేయలేకపోతే తెలుగులో వాయిస్ నోట్ పెట్టమంటున్నాను.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి మొన్న అలాగే మూడో రోజు రాత్రి వాయిస్ నోట్ పెట్టింది. వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. వాళ్ల నాన్న పని నుంచి వచ్చాకే ఫోన్ ఆమె చేతికొస్తుందట. "మా ఇంట్లో నలుగురికీ ఒకటే ఫోన్. అందులో నా చదువెంతో, మా తమ్ముడి ఆటెంతో ఎవరు లెక్క కడతారు సార్?" అని అడిగింది. ఈ వారం మా క్లాసులో చర్చ ఆ ప్రశ్న మీదే నడుస్తోంది.