పక్కవాద్యం కాని వయొలిన్: ‘ద రెయిన్‌కోట్స్’ను మళ్లీ వింటే

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మాట్లాడుకునేది 1979 నవంబరులో లండన్‌లో రఫ్ ట్రేడ్ సంస్థ విడుదల చేసిన ‘ద రెయిన్‌కోట్స్’ అనే పంక్ (మోటుగా, జోరుగా సాగే రాక్ సంగీతం) ఆల్బమ్ గురించి. బృందం పేరూ అదే. పంక్ అంటే గిటార్ మీద మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), ఒకటే పరుగు, ఒకటే కేక అనే లెక్కలో ఇది ఇమడదు. పదేళ్లు తిరిగేసరికి అంగళ్లలో వెతికినా దొరకని సరుకైపోయింది.

తిరుపతిలో చెబుతున్నాం కాబట్టి వయొలిన్‌తో మొదలుపెడదాం. కొండమీద నాదనీరాజనంలో అన్నమయ్య కీర్తన వెంట ఒదిగి నడిచే వయొలిన్ మన చెవులకు అలవాటు. ఈ ఆల్బమ్‌లో వాయించిన విక్కీ ఆస్పినాల్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారే. అంటే ఆ గరుకుదనం చేతకాక వచ్చింది కాదు. ‘నో సైడ్ టు ఫాల్ ఇన్’లో వయొలిన్ గొంతును అనుసరించదు. ఒక చిన్న ముక్కను పట్టుకుని గీస్తూనే ఉంటుంది, రంపం లాగా.

వయొలిన్ విద్యార్థులు దీన్ని ప్రయత్నించేటప్పుడు ఒక జాగ్రత్త. పాశ్చాత్యుల వయొలిన్ నాలుగు తీగల్లో ఏ రెండు పక్క తీగలు తీసుకున్నా మధ్య దూరం పంచమమే. మనది స-ప-స-ప. మధ్య రెండు తీగల దూరం మధ్యమం. పైగా మనం తీగలను బాగా దించి వాడతాం. వాళ్ల శ్రుతికి ఒక్కసారిగా బిగిస్తే బ్రిడ్జి ముందుకు వాలుతుంది, పాత తీగైతే తెగుతుంది కూడా. ఆ అవసరమే లేదు. మధ్య షడ్జం తీగను ఖాళీగా వదలండి. పక్కనున్న మంద్ర పంచమం తీగ మీద అదే షడ్జాన్ని మూడో వేలితో పట్టి, రెండు తీగలనూ కలిపి కమాను లాగండి. వేలు రవ్వంత జరిగితే చాలు, రెండూ ఒరుసుకుని గడగడమని అదురుతాయి. సరిచేయాలని వేలు గుంజుతుంది. సరిచేయకండి.

డ్రమ్ములు పామాలివ్ వాయించారు. అంతకుముందు ఆమె స్లిట్స్ బృందంలో ఉన్నారు. చేత్తో తాళం వేస్తూ వింటే కాలప్రమాణం మధ్యలో పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. మన కచేరీలో అయితే పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఇక్కడ నలుగురూ కలిసే జారుతారు కాబట్టి పాట చెదరదు. తాళం మానేసి జినా బర్చ్ బేస్‌ను పట్టుకోండి, దారి అదే చూపిస్తుంది. కానీ ఫోన్ స్పీకరులో ఆ బేస్ ఉండదు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత కిందికి ఆ చిన్న స్పీకరు దిగలేదు. అప్పుడు మిగిలేది గీకుడూ కేకలే. విన్నవాళ్లు రెండో పాటకే ఆపేయడానికి సగం కారణం ఇదేనని మా అనుమానం.

రెండో పాట ‘అడ్వెంచర్స్ క్లోజ్ టు హోమ్’ పామాలివ్ రాసింది. అదే ఏడాది స్లిట్స్ కూడా తమ ‘కట్’ ఆల్బమ్‌లో దాన్ని పాడారు. రెండూ పక్కపక్కన వినండి, మేం చెప్పే దానికంటే ఎక్కువ తెలుస్తుంది. ‘బ్లాక్ అండ్ వైట్’లో శాక్సఫోన్ లోరా లాజిక్‌ది. కింక్స్ అనే రాక్ బృందం 1970లో పాడిన ‘లోలా’ మగవాడి నోటి పాట; అతను కలిసిన లోలా ఆడా మగా అన్నదే అందులో చిక్కు. దాన్ని ఆడవాళ్లు పాడేసరికి అందులోని తిరకాసుకు ఇంకో మెలిక పడింది. అన్ని పాటలూ ఒకే ఎత్తులో లేవు. రెండో వైపు కొంత సాగదీతే.

1992 చివర్లో వచ్చిన అమెరికన్ రాక్ బృందం నిర్వాణ ఆల్బమ్ ‘ఇన్సెస్టిసైడ్’ లోపలి రాతలో ఆ బృందం గాయకుడు కర్ట్ కోబేన్ ఈ ఆల్బమ్ కోసం లండన్‌లో వెతుక్కుంటూ వెళ్లి, పాత వస్తువుల అంగడిలో ఉన్న అనా డ సిల్వాను కలిసిన సంగతి చెప్పారు. రెయిన్‌కోట్స్‌లో పాడుతూ గిటార్ వాయించినవారు ఆమె. 1993లో ఆల్బమ్ మళ్లీ వచ్చింది. అయితే మొదటి పాటగా ‘ఫెయిరీటేల్ ఇన్ ద సూపర్‌మార్కెట్’ చేర్చారు. అది విడిగా వచ్చిన సింగిల్. 1979 ఎల్పీలో ఉన్నవి 10 పాటలే. మీకు దొరికిన ప్రతిలో అది ముందుంటే దాటేసి రెండో దానితో మొదలుపెట్టండి.

ఇప్పుడు ‘నో సైడ్ టు ఫాల్ ఇన్’ వేస్తున్నాం. స్పీకర్లు పెద్దవే తెచ్చాం. వెనక వరుసలో వాళ్లు కొంచెం ముందుకు రండి.