ట్యూబులర్ వీల్స్ కొంటున్నారా? త్రాసు కంటే ముందు చూడాల్సినవి

నమస్కారం అండి. ఈ సైకిల్ చక్రం కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, రిమ్ము పైభాగం చూడండి. మామూలు రిమ్ముకి రెండు పక్కలా చిన్న గోడల్లా లేచిన అంచులుంటాయి, టైరును పట్టి ఉంచేవి అవే. దీనికి అవి లేవు. అరచెయ్యి కొద్దిగా దొప్పలా పట్టినట్టు లోతులేని గుంట ఉంది, అంతే. ఇది ట్యూబులర్ రిమ్ము. ట్యూబును టైరు లోపలే పెట్టి, అడుగున కుట్టేసి, ఆ మొత్తాన్ని ఈ గుంటలో జిగురుతో అంటిస్తారు.

మొన్న బెంగళూరు నుంచి మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, నంది హిల్స్ ఎక్కడానికి తేలికపాటి ట్యూబులర్ వీల్స్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో 1,100 గ్రాముల జత ఒకటి దొరికింది, తీసుకోనా?" అని అడిగాడు. మనిషి బరువు 72 కిలోలు, బండిది రిమ్మునే పట్టి ఆపే రిమ్ బ్రేకు. నేను వద్దన్నాను. అలా ఎందుకన్నానో ఈరోజు వివరంగా చెప్తాను.

ట్యూబులర్ మంచిదే, అందులో అనుమానం లేదు. పక్క గోడలు లేవు కాబట్టి రిమ్ము బరువు తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము అంచుకి, రాయికి మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడే బాధ చాలా తక్కువ. దిగేటప్పుడు పంక్చరైనా, సరిగ్గా అంటించిన టైరు రిమ్మును వదలదు. మెల్లగా బండి ఆపుకునే వీలుంటుంది. క్లించర్‌కి, అంటే పక్క గోడలున్న మామూలు రిమ్ముకి ఎక్కించే టైరుకి, ఆ భరోసా అంతగా ఉండదు.

ఇక గ్రాముల లెక్కకి వద్దాం. మా తమ్ముడు, బండి కలిపి 80 కిలోలు అనుకోండి. 1,100 గ్రాముల జతకీ, కాస్త గట్టిదైన 1,350 గ్రాముల జతకీ తేడా 250 గ్రాములు. మొత్తం బరువులో అది 0.3 శాతం. అరగంట కొండెక్కితే కలిసొచ్చేది మహా అయితే ఐదారు సెకన్లు. ఆ ఐదారు సెకన్ల కోసం ఏమి పోగొట్టుకుంటున్నామో చూడాలి. 1,100 గ్రాములకి దిగాలంటే రిమ్ము పలచబడాలి, చువ్వలు తగ్గాలి, చక్రం మధ్యలోని హబ్బు చిక్కిపోవాలి. ఆ మూడింటిలో ఏది తగ్గినా భారమంతా మిగతా రెండింటి మీద పడుతుంది.

ప్రొఫెషనల్ రేసుల్లో బండి 6.8 కిలోలకి తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం ఉంది, 2000 నుంచీ. అందుకే జట్లకి చక్రాల దగ్గర ప్రతి గ్రామూ గీకాల్సిన అవసరం లేదు. ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–రూబే రేసులో రాళ్లు పరిచిన బాటల కోసం చాలా ఏళ్లపాటు జట్లు కార్బన్ రిమ్ములు పక్కన పెట్టి అంబ్రోసియో నెమెసిస్ అనే అల్యూమినియం ట్యూబులర్ రిమ్ములకి 32 చువ్వలు వేసి వాడాయి. డబ్బుకి కొదవ లేని వాళ్లు అంత సాదా చక్రాన్ని కోరి తీసుకున్నారంటే నేను దాన్ని తేలిగ్గా కొట్టేయలేను.

చువ్వల సంగతి కొంచెం ఓపిగ్గా చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 65 కిలోల లోపు వాళ్లకి ముందు 20, వెనక 24 సరిపోతాయి. మా తమ్ముడి బరువుకి వెనక 28 వేయమంటాను, 85 దాటితే 32. చువ్వలు తక్కువున్న చక్రంలో ఒకటి తెగితే రిమ్ము ఒక్కసారి పక్కకి లాగేసి బ్రేకుకి రాసుకుంటుంది, ఇంటికి బండి నడిపించుకుంటూ రావాల్సిందే. అదే 28 చువ్వల చక్రమైతే బ్రేకు కాస్త వదులు చేసి తొక్కుకుంటూ రావచ్చు. ఇంకోటి, తల దగ్గర వంపు ఉండే మామూలు స్టీలు చువ్వలే అడగండి. సాపిమ్ కంపెనీ సీఎక్స్-రే లాంటి చదునైన స్టీలు చువ్వ ఒక్కోటి నాలుగు గ్రాముల పైచిలుకే, అయినా గట్టిది. ఒక కంపెనీ దగ్గరే దొరికే ప్రత్యేకమైన అల్యూమినియం చువ్వ తెగితే మాత్రం నెలల తరబడి చక్రం గోడకి వేలాడుతుంది. రిమ్ముకే అంటించేసిన కార్బన్ చువ్వలైతే మన ఊళ్లో బెండు తీసే మెకానిక్ చేతికి పని లేనట్టే. నిపిల్స్, అంటే చువ్వని రిమ్ముకి బిగించే చిన్న నట్లు, ఇత్తడివి తీసుకోండి. అల్యూమినియం నిపిల్స్ వల్ల మిగిలేది జతకి ముప్పై నలభై గ్రాములే. చెమట, వాన నీరు తగిలి అవి చువ్వకి పట్టేస్తే తిప్పబోయినప్పుడు విరిగిపోతాయి.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. ముందు చక్రం చువ్వల్ని గోరుతో మీటుతున్నాను. టింగ్... టింగ్... టింగ్... ఇదిగో, ఇది "డుబ్" అంది. వీణ తీగల్లా ఒకే పక్కనున్న చువ్వలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. వెనక చక్రానికి గేర్ల వైపు బిగువు ఎక్కువుంటుంది, అందుకని ఏ పక్కది ఆ పక్కతోనే పోల్చాలి. చక్రం తిన్నగా తిరుగుతున్నా శ్రుతి చెదిరి ఉంటే కొద్ది రోజుల్లో చువ్వలు తెగడం మొదలవుతుంది.

హబ్బు గురించి ఒక్క మాట. లోపల 6902, 6803 లాంటి మామూలు నంబరు బేరింగులున్నాయా అని అడగండి. ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగ్ షాపుకెళ్లి తెచ్చుకోవచ్చు.

కార్బనా, అల్యూమినియమా? క్లించర్‌లో గాలి ఒత్తిడి పక్క గోడల్ని బయటికి తోస్తుంది. బ్రేకు వేడికి కార్బన్ మెత్తబడితే ఆ గోడ ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. ట్యూబులర్‌కి గోడలే లేవు కాబట్టి ఆ భయం తక్కువ. కానీ వేడి జిగురుకి చేరుతుంది. 2003 జులై 14న టూర్ డి ఫ్రాన్స్ రేసులో స్పెయిన్ రైడర్ జోసెబా బెలోకి మొత్తం మీద రెండో స్థానంలో ఉన్నాడు. మండే ఎండలో గ్యాప్ ఊరి వైపు దిగుతున్నాడు. కరిగిన తారు మీద వెనక చక్రం జారింది, టైరు రిమ్ము నుంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పించుకోవడానికి బండితో సహా పొలంలోకి దూకాల్సొచ్చింది. అరకు ఘాట్ దిగేటప్పుడు నాకు ఆ దృశ్యం గుర్తొస్తూనే ఉంటుంది. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచను, గట్టిగా పట్టి వదిలేస్తుంటాను.

సెకండ్ హ్యాండ్ చక్రం గురించి నాకు అనుభవం నేర్పిన పాఠం ఉంది. ఒకసారి టైర్లతో సహా జత కొన్నాను. "కొత్తగా అంటించాం" అన్నారు, నమ్మి రెండు వారాలు తొక్కాను. ఒక రోజు గాలి తీసి బొటనవేళ్లతో టైరును పక్కకి తోస్తే అప్పడం లేచినట్టు లేచొచ్చింది. కింద జిగురు ఎండిపోయి చెట్టు బెరడులా పొరలు పొరలుగా ఊడింది. ఒళ్లు జలదరించింది. అప్పటి నుంచి ఎవరు అంటించిన టైరైనా సరే, ముందు పీకేసి నేనే అంటించుకుంటాను. కొనేటప్పుడు గాలి తీయించి, చుట్టూ వేళ్లతో తోసి చూడండి. కార్బన్ రిమ్ము అయితే దూదితో అంచంతా తుడవండి, ఎక్కడైనా పోగు పట్టిందంటే అక్కడ పొర లేచినట్టే. చువ్వలు దిగే రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా వదిలేసి వచ్చేయండి.

ప్రొఫెషనల్ జట్లు చాలావరకు ట్యూబ్‌లెస్‌కి మారిపోయాయి. అందుకే మంచి ట్యూబులర్ జతలు ఇప్పుడు తక్కువ ధరకి వస్తున్నాయి. ఆ మాట పట్టుకుని అందరూ కొనాలని నేను చెప్పను. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద రోజూ తొక్కేవాళ్లకి మంచి క్లించర్ టైరు, లేటెక్స్ ట్యూబు చాలు. జిగురు పనికి ఓపిక లేకపోతే ట్యూబులర్ జోలికి రావద్దనే నా మాట.

మా తమ్ముడు చివరికి 1,380 గ్రాముల జత తీసుకున్నాడు. ముందు 24, వెనక 28 చువ్వలు, ఇత్తడి నిపిల్స్. పోయిన వారం నా దగ్గరికి తెచ్చాడు. కొత్త టైర్లు జిగురు లేకుండా ఎక్కించి, గాలి కొట్టి మూడు రోజులు సాగనిచ్చాం. నిన్న రిమ్ముకి పలచగా మొదటి పూత, టైరు అడుగు గుడ్డకి ఒక పూత వేశాం. మీరు ఈ వెనక చూస్తున్నది రెండో పూత, ఇంకా తడిగానే ఉంది. రేపు పొద్దున ఆఖరి పూత వేసి, వేలికి అంటుకునీ అంటుకోనట్టు అయ్యాక వాల్వు దగ్గర మొదలుపెట్టి రెండు చేతులతో లాగుతూ టైరు ఎక్కిస్తాం. ఆ తర్వాత గాలి నిండా కొట్టి ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోం.