స్టార్టర్ డబ్బాలో కందిరీగలు: అత్తయ్యతో కాసేపు

హోస్ట్: నమస్కారం అండీ. ఈ ఎపిసోడ్ నేను ఒంటిచేత్తో రికార్డు చేస్తున్నాను. ఎందుకంటే రెండో చెయ్యి బూరెలా ఉంది. పక్కన మా అత్తయ్య కూర్చుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైర్ అయింది. అత్తయ్యా, నవ్వకు.

అత్తయ్య: నవ్వక ఏం చెయ్యమంటావురా? మోటారు స్టార్టర్ డబ్బా మూత తీసేముందు ఒకసారి తట్టాలని పొలంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

హోస్ట్: నాకు తెలీదుగా. తీశాను, లోపల బుల్లి గూడు, నాలుగు కందిరీగలు. ఒకటే కుట్టింది, అదీ ఉంగరం వేలి మీద. పక్క చేలో పెద్దాయన పరిగెత్తుకొచ్చి ఇనుప బోల్టు పెట్టి రుద్దాడు. ఇంకొకాయన తన పొట్లంలోంచి సున్నం తీసి పూశాడు. ఇంటికొచ్చాక అమ్మ ఉల్లిపాయ, వదిన టూత్‌పేస్టు. ఇన్ని చేశాక గంటకి నొప్పి తగ్గింది. ఇప్పుడు ఈ క్రెడిట్ ఎవరికివ్వాలి?

అత్తయ్య: గంటకి. ఆ నొప్పి ఎటూ గంటా రెండు గంటల్లో తగ్గేదే. ఆ టైములో ఏది పూస్తే దానికే పేరొస్తుంది. బోల్టు చల్లగా ఉంటుంది కాబట్టి కాస్త హాయి, అంతకు మించి ఏం లేదు. ఉల్లిపాయ వల్ల నష్టం లేదు, మీ అమ్మ తృప్తి. కానీ సున్నం మాత్రం వద్దు. నోట్లో ఆకుతో కలిపి వేసుకుంటేనే ఎక్కువైతే పొక్కుతుంది, కుట్టి వాచిన చర్మం మీద దట్టంగా పూస్తే కాలదా? కుట్టిన మంట పోయి సున్నం పుండుతో వచ్చిన వాళ్లకి నేనే కట్లు కట్టాను.

హోస్ట్: తేనెటీగకి వంటసోడా, కందిరీగకి వెనిగర్ అని వాట్సాప్‌లో చూశాను. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం అట.

అత్తయ్య: వినడానికి భలే ఉంటుంది. విషం సూదిమందులా చర్మం లోపలికి వెళ్ళిపోతే, పైన పూసిన సోడా దాన్నెలా అందుకుంటుంది? పైగా మంట ఒక్క ఆమ్లం వల్లే రాదు. ఆ విషంలో రకరకాల ప్రోటీన్లుంటాయి. తేనెటీగ విషంలో మెలిటిన్ అని ఉంటుంది, ప్రధానంగా దాని వల్లే ఆ నొప్పి.

హోస్ట్: అయితే మొదట ఏం చెయ్యాలి?

అత్తయ్య: తేనెటీగ అయితే ముల్లు తీసెయ్యాలి. దాని ముల్లుకి కొక్కేల్లాంటివి ఉంటాయి, విషపు సంచితో సహా మన ఒంట్లోనే ఉండిపోతుంది. ఈగ ఎగిరిపోయినా ఆ సంచి విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. మేం చదువుకునేటప్పుడు పట్టుకుని లాగకూడదు, ఏటీఎం కార్డు లాంటి దానితో గీకాలి అనేవారు... ఏటీఎం కార్డులు అప్పుడెక్కడివిలే, ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క అనేవారు. తర్వాత 1996లో పరీక్ష చేసి చూస్తే గీకినా, గోళ్లతో లాగినా పెద్ద తేడా లేదని, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని తేలింది. కార్డు కోసం జేబులు వెతుక్కునేలోపు గోరుతో పీకెయ్. కందిరీగ ముల్లు వదలదు, అందుకే ఒక్కటే నాలుగుసార్లు కుట్టగలదు. నీ అదృష్టం బాగుంది.

హోస్ట్: ఇది అదృష్టమా!

అత్తయ్య: తర్వాత సబ్బు నీళ్లు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. మంటకి పారాసెటమాల్, దురదకి సిట్రిజిన్. కానీ అన్నిటికంటే ముందు ఉంగరం! మీ అమ్మ ఉల్లిపాయ నూరుతోందే కానీ ఉంగరం తియ్యలేదు. నేనొచ్చేసరికి వేలు నల్లబడుతోంది.

హోస్ట్: ఆ దారం సంగతి చెప్పు. అది నాకు మ్యాజిక్‌లా అనిపించింది.

అత్తయ్య: ఏముంది, కుట్టు దారం. ఒక కొస ఉంగరం కిందనుంచి అరచేతి వైపుకి దూర్చాలి. మిగతా దారాన్ని ఉంగరాన్ని ఆనుకుని మొదలుపెట్టి గోటి వైపుకి, కణుపు దాటేదాకా సందు లేకుండా బిగించి చుట్టాలి. వాపు అణుగుతుంది. ఇప్పుడు ఆ దూర్చిన కొసని గోటి వైపుకి లాగుతూ విప్పితే, విప్పిన కొద్దీ ఉంగరం దారం మీదుగా ముందుకి జరుగుతుంది. కాస్త నూనె రాస్తే ఇంకా సుళువు. అది కూడా రాకపోతే ఆస్పత్రిలో కోసెయ్యడమే. బంగారం పోతుందని ఏడవకూడదు.

హోస్ట్: నేను ఏడ్చింది నొప్పికి. మర్నాటికి వాపు ఇంకా పెరిగిందేంటి?

అత్తయ్య: రెండో రోజు పెరగడం మామూలే. మూడో రోజు నుంచి దిగుతుంది. నేను భయపడేది చేతి వాపుకి కాదు. చేతి మీద కుడితే పెదాలు, కళ్లు ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేయడం, కళ్లు తిరగడం... అది ఎలర్జీ. అప్పుడు ఐసూ లేదు, ఆకూ లేదు, 108కి ఫోన్ చెయ్యడమే. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. నిమిషాల్లో తేడా వచ్చేస్తుంది.

హోస్ట్: తేలు కుడితే?

అత్తయ్య: తేలు అసలు పురుగుల జాతే కాదు, ఎనిమిది కాళ్లు, సాలీడు చుట్టం. పెద్ద నల్ల మండ్రగబ్బని చూసి హడలిపోతారు గానీ, చిన్న ఎర్ర తేలే ప్రమాదం, ముఖ్యంగా పిల్లలకి. కుట్టినచోట నొప్పి ఉన్నా లేకపోయినా, ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం కనిపిస్తే మంత్రం వేయించడానికి ఆగకూడదు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు బీపీకి వాడే ప్రజోసిన్ మాత్రతోనే ఎంతోమందిని బతికించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అలాగని మాత్ర కొని ఇంట్లో పెట్టుకోకూడదు, అది డాక్టర్ చూస్తుండగా వేసేది.

హోస్ట్: మా హాస్టల్లో వానాకాలం పొద్దున లేచేసరికి మెడమీద కాలినట్టు ఎర్రటి చార ఉండేది. ఏదో కుట్టిందనుకునేవాళ్లం.

అత్తయ్య: అది రోవ్ బీటిల్ అనే చిన్న పురుగు, కుట్టదురా! నారింజ, నలుపు పట్టీలతో చీమలా ఉంటుంది, ట్యూబ్‌లైటు దగ్గరికొస్తుంది. నిద్రలో చరిచి నలిపేస్తాం, దాని ఒంట్లో రసం చర్మాన్ని కాల్చేస్తుంది. మీద వాలితే ఊదెయ్యాలి, నలపకూడదు. నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి. గొంగళిపురుగుకీ రుద్దుడు పనికిరాదు. మునగచెట్టు కింద ఆడుకునే పిల్లలకి ప్లాస్టర్ అతికించి పీకేదాన్ని, నూగంతా దానికే వచ్చేసేది.

హోస్ట్: సరే, మరి ఆ గూడు ఇంకా అక్కడే ఉంది. రేపు నీళ్లు పెట్టాలి. బాబాయ్ కర్రకి గుడ్డ చుట్టి, కిరోసిన్ పోసి అంటించేస్తానన్నాడు.

అత్తయ్య: కరెంటు డబ్బాలోనా?

హోస్ట్: రాత్రికి వెళ్తానన్నాడు, అవి నిద్రపోతాయట.

అత్తయ్య: ఆ రికార్డింగ్ ఆపి ఫోన్ ఇటివ్వు. వాడితో నేను మాట్లాడతాను.