సీన్‌ని అంటిపెట్టుకున్న సంగీతం

అందరికీ నమస్కారం.

నాకు ఇష్టమైన సినిమా సంగీతం గురించి మాట్లాడమన్నారు. సరే అని కూర్చుని ఒక లిస్టు రాసుకున్నాను. రాస్తున్నకొద్దీ ఒక సంగతి కనిపించింది. అందులో చాలావాటిని నేను విడిగా పెట్టుకుని ఎప్పుడూ వినలేదు. సినిమా నడుస్తుండగా చెవిన పడ్డాయి, అంతే. ఏళ్లు గడిచినా నన్ను వదల్లేదు. ఇంకోవైపు, లెక్కలేనన్నిసార్లు విన్న మంచి మంచి ట్యూన్లు కొన్ని ఏ సీన్‌లో వచ్చాయని అడిగితే చెప్పలేను.

అంటే సినిమా సంగీతం మనసులో నిలవడానికి ట్యూన్ బాగుంటే చాలదన్నమాట. అది ఎక్కడ మొదలైంది, ఎవరి వెంట వచ్చింది, ఎక్కడ ఆగింది అనేది చూడాలి. ఈ రోజు నా ఉదాహరణలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. పాటలూ ఉంటాయి, బీజీఎం కూడా ఉంటుంది. సినిమావాళ్లు రీరికార్డింగ్ అనే ఆ పని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పాటల గురించి మనం ఎలాగూ మాట్లాడుకుంటూనే ఉంటాం.

1975లో వచ్చిన ‘జాస్’ తీసుకుందాం. బీచ్‌లో జనం మీద దాడిచేసే షార్క్ కథ. స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన సినిమా, జాన్ విలియమ్స్ సంగీతం. ఆ షార్క్ సంగీతానికి ఆధారం రెండే స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే షడ్జం, దాన్ని ఆనుకునే ఉండే శుద్ధ రిషభం. ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరగా ఉంటాయి కాబట్టి చెవికి స్థిమితం దొరకదు. మంద్రంలో మెల్లగా మొదలై, వేగం పెంచుకుంటూ, గట్టిపడుతూ వస్తాయి. షూటింగ్ కోసం తయారుచేసిన మర షార్క్ సముద్రపు నీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. అందుకని సినిమాలో చాలాసేపు షార్క్ కనిపించదు. కనిపించని ఆ జంతువు పాత్రని ఈ రెండు స్వరాలే పోషించాయి. స్వరం నిదానంగా ఉంటే అది దూరంగా ఉన్నట్టు, జోరందుకుంటే కాళ్ల దగ్గరికి వచ్చేసినట్టు.

ఇంతవరకూ చాలామంది చెప్పేదే. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత జరిగేది. మధ్యలో ఒక సీన్ ఉంది. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన షార్క్ రెక్కని నీటి మీద తేలేలా పట్టుకుని బీచ్‌లో జనాన్ని హడలగొడతారు. అందరూ అరుస్తూ పరుగులు పెడతారు. ఆ గోలంతా జరుగుతున్నంతసేపూ షార్క్ సంగీతం రాదు. ఎందుకంటే అక్కడ షార్క్ లేదు. సంగీతం అబద్ధం చెప్పదని సినిమా మనకి అంతకుముందే నేర్పింది, ఆ మాటని అక్కడ నిలబెట్టుకుంది. ఇంకా తర్వాత, పోలీస్ చీఫ్ పడవ వెనక నిలబడి నీళ్లలోకి ఎర విసురుతుంటాడు. ఏ హెచ్చరికా లేకుండా షార్క్ తల ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ రెండు స్వరాలూ ముందుగా రాలేదు. అప్పటిదాకా మనం నమ్ముకున్న నియమం అక్కడ తెగింది. కుర్చీలో ఎగిరిపడేది షార్క్‌ని చూసి ఒక్కటే కాదు, సంగీతం మనకి చెప్పలేదు కాబట్టి కూడా. సంగీతం లేకపోవడాన్ని ఇంత బలంగా వాడుకోవడానికి, ముందు దాన్ని ఎంత క్రమశిక్షణతో వాడి ఉండాలో ఆలోచించండి.

హిచ్‌కాక్ ‘సైకో’ 1960 నాటిది. స్నానాల గది హత్య అనగానే కీచుమనే వయొలిన్లు అందరికీ గుర్తొస్తాయి. ఆ సీన్‌కి సంగీతం వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ అయినా రాసి వినిపించారు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నారు. సినిమా మొత్తానికి హెర్మన్ తీగ వాద్యాలు మాత్రమే వాడారు. డ్రమ్స్ లేవు, ఊదే వాద్యాలు లేవు. బ్లాక్ అండ్ వైట్ బొమ్మకి రంగులు తగ్గించుకున్న వాద్యబృందం.

నాకు మాత్రం ఆ హత్య సీన్ కన్నా అంతకుముందు వచ్చే కారు ప్రయాణం ఇంకా ఇష్టం. డబ్బు దొంగిలించిన అమ్మాయి కారు నడుపుతూ వెళుతుంటుంది. తెర మీద ఉన్నది ఆమె ముఖం, స్టీరింగు, రోడ్డు, తర్వాత వాన. ఇంట్లో ఎప్పుడైనా సౌండ్ తీసేసి చూడండి, ఎవరో కారు నడుపుతున్నట్టు ఉంటుంది. సౌండ్ పెడితే ఆమె తప్పించుకోలేదని మనకి అర్థమవుతుంది. కెమెరా చూపించనిదీ నటి చెప్పనిదీ తీగలు చెబుతాయి. బొమ్మలో ఉన్నదాన్నే మళ్లీ సంగీతంతో చెప్పడం చాలామందికి వచ్చు. బొమ్మలో లేనిదాన్ని చెప్పడం వేరే విద్య.

పాత్రకో ట్యూన్ పెట్టడం పాత పద్ధతే. ఒపేరాల్లో ఉన్నదే. 1933లో ‘కింగ్ కాంగ్’కి మ్యాక్స్ స్టైనర్ సంగీతం చేసేనాటికే సినిమాలోకి వచ్చేసింది. ఇప్పుడు హీరో నడిచివస్తే ఒక థీమ్, విలన్ తల తిప్పితే ఒక థీమ్. థీమ్ ఉండటం గొప్ప కాదు. కథతో పాటు అది మారాలి.

దీనికి నేను చెప్పే ఉదాహరణ ‘స్టార్ వార్స్’ సినిమాల విలన్ డార్త్ వేడర్. అతని అడుగులకి మోగే ఆ మార్చ్, అంటే కవాతు ట్యూన్, 1977లో వచ్చిన మొదటి సినిమాలో లేనే లేదు. 1980 నాటి రెండో సినిమాకి విలియమ్స్ రాశారు. ఇత్తడి వాద్యాలు, సైనికుల కవాతు లాంటి తాళం, ఎదురులేని అధికారం. 1983లో వచ్చిన మూడో సినిమా చివర వేడర్ ముసుగు తీయించుకుని కొడుకు ముఖాన్ని కళ్లారా చూసి చనిపోతాడు. అక్కడ కూడా అదే ట్యూన్ వస్తుంది. కానీ ఇత్తడి వాద్యాలు పోయి చివరికి హార్ప్ మీద ఒక్కో స్వరం విడివిడిగా, బలం లేకుండా పలుకుతుంది. స్వరాలు అవే, మనిషే మారాడు. ఆ మార్పుని మాటల్లో చెప్పి ఉంటే పావు వంతు కూడా తాకేది కాదు. ఈ ఒక్కటీ పనిచేయడానికి రెండో సినిమా నుంచీ ఆ మార్చ్ ఎన్నిసార్లు గట్టిగా మోగాలో అన్నిసార్లూ మోగింది. గుర్తుండటం అనేది ఒక్క సీన్‌లో కుదరదు, ముందునుంచీ కూడబెట్టాలి.

‘పథేర్ పాంచాలీ’ 1955లో విడుదలైంది. సత్యజిత్ రే మొదటి సినిమా, రవిశంకర్ సంగీతం. ఆ సంగీతాన్ని ఒక్క రాత్రిలో రికార్డు చేశారు. కూతురు దుర్గ చనిపోయాక, ఆ సంగతి తెలియని తండ్రి ఎన్నాళ్లకో ఇంటికి తిరిగివస్తాడు. తెచ్చినవన్నీ ఒక్కొక్కటే తీసి భార్యకి చూపిస్తుంటాడు. దుర్గ కోసం తెచ్చిన చీర కూడా చూపిస్తాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న తల్లి కుప్పకూలి ఏడుస్తుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది, కానీ మనకి ఆమె గొంతు వినిపించదు. ఆ ఏడుపు స్థానంలో తార్ షెహనాయి తారస్థాయిలో పలుకుతుంది. పేరుకి షెహనాయి కానీ అది కమానుతో వాయించే వాద్యం. మనిషి ఏడుపుని మనిషి గొంతుతో వినిపిస్తే జాలిపడతాం. ఇక్కడ ఒక వాద్యం ఆ ఏడుపుని తీసుకుని మన వంటి మీదికి తెస్తుంది. దుఃఖం సీన్‌కి వయొలిన్ అద్దడం వేరు, ఇది వేరు. ఇక్కడ సంగీతం పక్కన నిలబడలేదు, ఏడుపే తానైంది. నేను చూసిన సినిమాల్లో సంగీతాన్ని ఇంత ధైర్యంగా వాడిన చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

పాటల దగ్గరికి వస్తాను. మన సినిమాల్లో పాట కథని ఆపేస్తుందని ఒక ఫిర్యాదు ఉంది. పాట పెట్టడం తప్పు కాదు, చోటు తెలియకుండా పెట్టడం తప్పు. ‘శంకరాభరణం’ చివరి కచేరీ గుర్తుచేసుకోండి. కె. విశ్వనాథ్ సినిమా, 1980లో విడుదలైంది. సంగీతం చేసిన కె.వి. మహదేవన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. పాట ముందు రాయించుకుని తర్వాత బాణీ కట్టడం మహదేవన్ పద్ధతిగా చెబుతారు. అందుకే కాబోలు ఆయన పాటల్లో మాట ఎక్కడా నలగదు, దీర్ఘం దీర్ఘంగానే పలుకుతుంది. ‘దొరకునా ఇటువంటి సేవ’ పాడుతూ పాడుతూ శంకరశాస్త్రి ఒరిగిపోతారు. గొంతు పాట మధ్యలో ఆగుతుంది. పక్కనుంచి శిష్యుడైన పిల్లవాడు ఆ పాటనే అందుకుంటాడు. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఆగిన చోట వాణీ జయరాం గొంతు మొదలవుతుంది. గురువు పోయాడు, విద్య పోలేదు అని ఎవరూ డైలాగు చెప్పరు. పాట ఆగడం, ఇంకో గొంతులో సాగడం, కథ మొత్తం ఆ రెంటిలోనే ఉంది. ఆ పాటని క్యాసెట్‌లోనో ఫోన్‌లోనో విడిగా విన్నా చాలామందికి కన్ను చెమ్మగిల్లేది ఆ అందుకునే చోటే.

‘గీతాంజలి’లో ఇళయరాజా చేసిన పని ఇంకో రకం. 1989 నాటి మణిరత్నం సినిమా. హీరోకీ హీరోయిన్‌కీ ఇద్దరికీ ఎక్కువ రోజులు లేవు, అమ్మాయికి గుండె జబ్బు. ‘ఓం నమః’ పాటలో గుండె చప్పుడే తాళంగా వినిపిస్తుంది. ప్రేమపాటలో గుండె కొట్టుకోవడం మామూలు ఊహే. కానీ ఈ కథలో ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందో తెలియదు. పాట వింటూ సంతోషిస్తున్నంతసేపూ లోపల ఒక భయం ఉంటుంది. కథ తెలియనివాళ్లకి అది మంచి తాళం మాత్రమే, తెలిసినవాళ్లకి అది లెక్కపెట్టిన రోజులు.

‘నాటు నాటు’కి 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు అందరం పొంగిపోయాం. కీరవాణి తాళం గురించీ స్టెప్పుల గురించీ చాలా రాశారు. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఆ పాటలో పోటీ ఉంది, చివరికి రామ్ కావాలనే పడిపోయి భీమ్‌ని గెలిపించడం ఉంది. పాట తీసేస్తే ఆ స్నేహం గురించి మనకి తెలిసినది అంత మేరకు తగ్గిపోతుంది. పాట తీసేసినా కథకి ఏమీ కాకపోతే, ఆ పాట ఎంత హిట్టయినా అది ఆ సినిమాది కాదు.

ఆగడం గురించి ఇంకొంచెం చెప్పాలి, నాకు ఇది పట్టుదల ఉన్న విషయం. ఇప్పుడు చాలా సినిమాల్లో మొదటి నుంచి చివరిదాకా బీజీఎం మోగుతూనే ఉంటుంది. మాట వినిపించదు, ఊపిరి వినిపించదు. ప్రతి ఎంట్రీకీ ఒకే మోత అయితే ఏ ఎంట్రీకీ విలువ ఉండదు. హిచ్‌కాక్ ‘ది బర్డ్స్’లో మామూలు అర్థంలో సంగీతం లేదు. 1963లోనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించిన పక్షుల చప్పుళ్లతో నడిపించారు. కోయెన్ సోదరుల ‘నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్’లో సంగీతం ఉందా అని అనుమానం వచ్చేంత తక్కువ. తలుపు కింద పడే నీడ, అడుగుల చప్పుడు, అంతే. టెన్షన్‌కి డ్రమ్ములు అక్కర్లేదని అది చూస్తే తెలుస్తుంది.

మరి ఇలాంటివి ఎలా కుదురుతాయి? నాకు తోచినంతలో, సంగీత దర్శకుణ్ణి ఎప్పుడు పిలిచారన్నదాని మీద చాలా ఉంటుంది. మామూలుగా సినిమా అంతా అయ్యాక, రిలీజ్ డేట్ నెత్తి మీద ఉన్నప్పుడు పిలుస్తారు. ఎడిటింగ్ అప్పుడు ఎవరిదో పాత సంగీతం తాత్కాలికంగా పెట్టుకుంటారు, టెంప్ ట్రాక్ అంటారు దాన్ని. రోజూ అదే వింటూ ఉంటే దర్శకుడి చెవి దానికే అలవాటు పడుతుంది. 1968లో కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ సంగీతం రాశారు, కానీ కుబ్రిక్ దాన్ని పక్కన పెట్టి ముందే ఉన్న శాస్త్రీయ రికార్డింగులతోనే సినిమా పూర్తిచేశారు. ఆ సినిమా విషయంలో ఫలితం గొప్పగా వచ్చింది. అందరి విషయంలో అలా రాదు. దర్శకుడు టెంప్ ట్రాక్ లాంటిదే కావాలంటాడు, సంగీత దర్శకుడు దానికి దగ్గరగా ఇంకోటి చేసిస్తాడు. ఎన్నో సినిమాలు ఒకేలా వినిపించడానికి ఇది ఒక కారణం.

సెర్జియో లియోనె ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టారు. 1968లోనే వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’కి ఎన్నియో మోరికోనె షూటింగ్‌కి ముందే థీమ్‌లు రాశారు. సెట్‌లో ఆ సంగీతం వినిపిస్తుండగా నటులు నటించారు, కెమెరా కదిలింది. హీరోకి పేరు ఉండదు, మౌతార్గన్ ఉంటుంది. మాట్లాడాల్సిన చోట అది వాయిస్తాడు. ఎందుకు వాయిస్తాడో సినిమా చివరిదాకా చెప్పరు. చివరి ద్వంద్వయుద్ధంలో గతం తెరుచుకుంటుంది. చిన్నపిల్లాడి భుజాల మీద అన్న నిలబడి ఉంటాడు, అన్న మెడకి ఉరితాడు. విలన్ ఆ పిల్లాడి నోట్లో మౌతార్గన్ కుక్కుతాడు. అప్పటిదాకా మనం విన్నది ట్యూన్ కాదని, ఊపిరాడని పిల్లాడి గొంతు అని అప్పుడు అర్థమవుతుంది. సంగీతం చివరి నిమిషంలో చేరి ఉంటే ఇది సాధ్యమయ్యేదే కాదు, కథే ఆ వాద్యం మీద కట్టారు కాబట్టి.

స్పీల్‌బర్గ్ 1982లో ‘ఇ.టి.’ ముగింపు దగ్గర చేసింది కూడా ఇలాంటిదే. సైకిళ్లు వెళ్లే చివరి భాగానికి రికార్డింగ్ నడుస్తోంది. బొమ్మకి క్షణక్షణం సరిపోయేలా వాయించడం విలియమ్స్‌కి కష్టమైంది, సంగీతంలో ఊపు పోతోంది. బొమ్మ చూడటం మానేసి కచేరీలో వాయించినట్టు వాయించమని స్పీల్‌బర్గ్ చెప్పి, ఆ తర్వాత సంగీతానికి తగ్గట్టు తన సినిమాని మళ్లీ ఎడిట్ చేసుకున్నారు. దర్శకుడు తన కట్‌ని మార్చుకోవడానికి సిద్ధపడ్డాడు కాబట్టే ఆ ముగింపు అంత స్వేచ్ఛగా ఎగురుతుంది.

ప్రొజెక్టర్ సిద్ధంగా ఉంది. ముందు ‘ఇ.టి.’ చివరి భాగం వేస్తాం, తర్వాత ‘సైకో’ కారు ప్రయాణాన్ని ఒకసారి సౌండ్ లేకుండా, ఒకసారి సౌండ్‌తో చూద్దాం. అవి అయ్యాక మీ లిస్టుల్లో ఉన్నవి చెప్పండి. పేరు చెప్పి ఊరుకోకుండా ఏ సీన్‌లో, ఏ క్షణంలో మొదలైందో కూడా చెప్పండి.